అక్క కోసం నలుగురిలో చేసిన ప్రార్థన

నేను ముప్పై ఏళ్ళకు పైగా ప్రార్థనకు జీతం తీసుకున్నాను. మాట మొరటుగా ఉంది కానీ నిజం అదే. బైబిలు స్త్రీ అంటే ఇంటింటికీ తిరిగి, ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, వాక్యం చదివి, పాట పాడి, వాళ్ళ కష్టం విని, చివర్లో కళ్ళు మూసుకుని ఆ కష్టాన్ని దేవునికి విన్నవించే మనిషి. హిందూపురంలో మొదలుపెట్టాను. ధర్మవరంలో ఎక్కువకాలం, ఆ తర్వాత పెనుకొండలో కొన్నాళ్ళు పనిచేశాను. చేతిసంచిలో పుస్తకం, ఒక గొడుగు, నీళ్ళు తాగడానికి చెంబు. ఆ రోజుల్లో మా చెంబు మేమే తీసుకుపోయేవాళ్ళం. ఎందుకో మీకు చెప్పనక్కరలేదు.

మొన్న శిక్షణ తరగతిలో మీ అమ్మాయిలంతా నా అనుభవాలు రాసి ఇమ్మన్నారు. ఎన్ని ఊళ్ళు తిరిగారు, ఎంతమంది మారారు అని అడిగారు. అవన్నీ ఎక్కడో రిపోర్టుల్లో ఉండే ఉంటాయి. వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. నేను ఒక్క మనిషి గురించి రాస్తాను. ఆమె మా అక్క. ఆమెకు ఆ రోజుల్లో సూదిమందు అలవాటైంది, ఆ తర్వాత మనసు చెడింది. నేను ఆమె కోసం ప్రార్థన చేశాను. ఆ ప్రార్థన ఎలా చేశానన్నదే నేను సిగ్గుపడే సంగతి.

అప్పుడు చెప్పి తప్పు చేశావు, ఇప్పుడు మళ్ళీ చెబుతున్నావు కదా అని మీరు అనవచ్చు. ఆ ప్రశ్న నన్నూ చాలా రోజులు పట్టుకుంది. అక్క చనిపోయి చాలాకాలమైంది. పేర్లు మార్చాను, నా పేరుతో సహా. ఇంకొకటి, అప్పుడు నేను నలుగురిలో చెప్పింది ఆమె తప్పు. ఇప్పుడు చెప్పేది నాది.

రాహేలు నర్సమ్మ

మా నాయన హిందూపురంలో మా క్రైస్తవుల గుడికి కావలి. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది అవ్వ, అవ్వ తర్వాత అక్క. నాకంటే ఏడేళ్ళు పెద్దది. కాన్పుల పని నేర్చుకుని పెనుకొండలో ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో చేరింది. తన జీతంతో నన్ను బోర్డింగులో చదివించింది. నాకు పెళ్ళి చేసింది. రెండేళ్ళకే నా భర్త జ్వరంతో పోతే, బైబిలు స్త్రీల శిక్షణకు నన్ను పంపింది కూడా ఆమే. తాను మాత్రం పెళ్ళి చేసుకోలేదు. అడిగితే, చూసిన కాన్పులు చాలు అని నవ్వేది.

పెనుకొండ చుట్టుపక్కల ఆమెను రాహేలు నర్సమ్మ అంటే తెలియనివాళ్ళు లేరు. ఎద్దులబండి పంపితే ఎంత దూరమైనా పోయేది. ఇంట్లోకి రానివ్వని వాళ్ళు కూడా నొప్పులు మొదలైతే ఆమెను చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయేవాళ్ళు.

యాభైలలో ఒక వేసవికి, రెండు రోజులు ఉందామని నేను పెనుకొండ వెళ్ళాను. కొండ రాళ్ళ వేడికి ఇల్లంతా కుంపటిలా ఉండేది. అక్క పొడుగు చేతుల రవిక వేసుకుని ఉంది. ఇంత ఎండలో ఇదేమిటన్నాను. మాట దాటేసింది. తలంటుతానని కూర్చోబెట్టి రవిక చేతులు పైకి లాగితే, రెండు చేతుల మీదా చుక్కలు చుక్కలుగా సూదిపోట్లు కనబడ్డాయి. కొన్ని నల్లబడ్డాయి, ఒకటి చీము పట్టి ఉంది.

అక్క చేతులు లాక్కోలేదు. మెల్లగా అంతా చెప్పింది. రెండేళ్ళ కిందట కడుపులో రాళ్ళ నొప్పి వచ్చి విలవిల్లాడితే డాక్టరు మార్ఫియా సూది వేశాడు. నొప్పి పోయింది. ఆ తర్వాత ఒక పల్లెలో కాన్పుకు పోతే తల్లీ బిడ్డా ఇద్దరూ ఆమె చేతుల్లోనే పోయారు. ఆ తల్లి చివరిదాకా నర్సమ్మా, నర్సమ్మా అని పిలుస్తూనే ఉందట. ఇంటికొచ్చాక కూడా ఆ పిలుపు వినబడింది. పట్టపగలు అన్నం తింటుంటే వినబడేది. సూది వేసుకుంటే ఆగేది. మందుల బీరువా తాళం ఆమె దగ్గరే ఉండేది.

“నొప్పుల్లో ఉండే ఆడమనిషికి సగం వేసి, మిగిలింది నేను వేసుకున్న్యా, సువార్తా,” అంది. “రెండు మూడుసార్లు. అది తలుచుకుంటే నా మీద నాకే అసియ్యం.”

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

“నీకు ఒక్కదానికే చెప్తాండా. నాకోసరం ప్రార్థన చెయ్. నాకు చేసుకునేదానికి నోరు రావడం లేదు. ఇంకెవురికీ చెప్పొద్దు,” అంది.

నేను ఆమె చేయి పట్టుకుని ప్రార్థన చేసి, ఎవరికీ చెప్పనని ప్రభువు పేర మాట ఇచ్చాను.

హిందూపురంలో ఆ మధ్యాహ్నం

ఇచ్చిన మాట మూడు వారాలు నిలిచింది.

హిందూపురంలో స్త్రీల కూటం శనివారం మధ్యాహ్నం గుడి పక్క గదిలో జరిగేది. ముప్పై నలభైమంది చాపల మీద కూర్చునేవాళ్ళం. కూటం చివర ప్రార్థన మనవులు అడిగేవారు. ఒకరు కొడుకు పరీక్ష అంటారు, ఒకరు కాలినొప్పి అంటారు, ఒకరు వాన అంటారు. ఆ రోజు మా పైఅధికారి అయిన దొరసాని కూడా వచ్చింది. ఆమె మా జిల్లా బైబిలు స్త్రీలందరికీ పెద్ద. తెలుగు పుస్తకంలోలాగా మాట్లాడేది. ఎవరి మనవినైనా తల పంకించి వినేది, నచ్చితే కళ్ళద్దాలు తీసి తుడుచుకునేది.

నాకంటే ముందు మాట్లాడిన ఆమె, తన మరిది సారా మానేశాడని చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. దొరసాని కళ్ళద్దాలు తుడుచుకుంది. నా వంతు వచ్చింది. నేను లేచి నిలబడ్డాను.

ఎందుకు చెప్పానని ఆ తర్వాత నన్ను నేను కొన్ని వందలసార్లు అడుక్కున్నాను. అక్క మీద ప్రేమ లేక కాదు, భయమూ ఉంది. పదిమంది కలిసి ప్రార్థిస్తే బలం ఎక్కువని మాకు నేర్పారు, అదీ ఉంది. కానీ ఇవి చెప్పి తప్పుకుంటే ఈ కాగితం రాయడమే దండగ. అందరి మనవుల కన్నా నా మనవి పెద్దదని నాకు తెలుసు. అది చెబితే గది నిశ్శబ్దమైపోతుందని తెలుసు. నా సొంత అక్క, పెనుకొండలో నర్సుగా ఉన్న రాహేలమ్మ, సూదిమందుకు బానిసైపోయిందని, చనిపోయినవాళ్ళ పిలుపులు వినబడుతున్నాయని, ఆమె కోసం కన్నీటితో ప్రార్థించమని అడిగాను. గది నిశ్శబ్దమైపోయింది. తర్వాత ఒక్కొక్కరే ఏడవడం మొదలుపెట్టారు. ముసలమ్మలు వచ్చి నా తల మీద చేతులు పెట్టారు. నాలాంటి చెల్లెలు ఉండడం ఆమె అదృష్టమన్నారు.

ఆ కన్నీళ్ళు నాకు తియ్యగా ఉన్నాయి. ఇది రాయడానికే నేను ఇన్నాళ్ళు వెనకాడాను.

మర్నాడు ఆదివారం గుడి మెట్ల దగ్గర నాకు తెలియనివాళ్ళు కూడా అక్క సంగతి అడిగారు. పెనుకొండకు రైలులో గంటకు పైగా ప్రయాణమైనా, ఈ మాట నాకంటే ముందే చేరింది. పది రోజుల లోపల ఆసుపత్రి వాళ్ళు అక్కను పిలిచి అడిగారు, ఆమె దాచలేదు. ఆ పూటే తాళాలు తీసుకుని పంపేశారు. ఊళ్ళో ఆడవాళ్ళు మాట్లాడటం మానేశారు. ఏడాది కిందట ఎవరికో కాన్పులో బిడ్డ పోయిన సంగతి తవ్వి తీసి, ఆమె మత్తులో చేసిందన్నారు. అది నిజం కాదు. కానీ నిజం కాదని ఎవరు చెప్పగలరు? ఆమె తప్పు ఒకటి నిజమయ్యేసరికి మిగతావన్నీ నిజమైపోయాయి.

నేను దొరసాని దగ్గరికి కోపంగా పోయాను. ఆసుపత్రికి కబురు పంపింది ఆమేనని తెలిసింది. ప్రార్థనలో చెప్పిన మాట బయటికి ఎలా మోస్తారని అడిగాను. ఆమె లేచి కిటికీ మూసి, వచ్చి కూర్చుంది.

“ఆ ఆసుపత్రికి వచ్చే తల్లులకు నేను జవాబు చెప్పాలి. విన్న తర్వాత ఊరుకోలేను. నేను వైద్యుడికి ఉత్తరం రాశాను, ఒక్క వైద్యుడికే. నువ్వు నలభైమందికి చెప్పావు. నీ అక్కను రహస్యంగా వైద్యుడి దగ్గరికి ఎందుకు తీసుకుపోలేదు?” అంది.

ఆ ఆలోచనే నాకు రాలేదు. ఆమె మీద చాలా ఏళ్ళు కోపం పెట్టుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ సంగతిలో నాకంటే ఆమే సరిగ్గా నడుచుకుంది.

ధర్మవరం, ఉపవాసం

ఆ నెలలోనే నన్ను ధర్మవరానికి మార్చారు. అక్కను నాతో తీసుకుపోయాను. మగ్గాల వీధి చివర రెండు గదుల ఇల్లు. వీధి పొడుగునా తెల్లవారినప్పటి నుంచీ మగ్గాల చప్పుడే.

దాచుకున్న కాస్త మందు కూడా అయిపోయిన మొదటి వారం అక్క పడిన బాధ చూడలేనిది. చెమటలు, వాంతులు, ఒళ్ళంతా గగుర్పాటు, కాళ్ళు కొట్టుకోవడం. అది మందు వదిలేటప్పుడు ఎవరికైనా వచ్చే బాధ అని ఈ రోజు చిన్న నర్సు కూడా చెబుతుంది. నేను అది దయ్యం వదలడం అనుకున్నాను. ఈ విధమైన దయ్యం ప్రార్థన, ఉపవాసం వలననే గాని వదిలిపోదని బైబిల్లో చదువుకున్నదాన్ని. అందుకని మూడు రోజులు ఉపవాసం పట్టాను. నేను పట్టింది చాలక, ఆమె చేతా పట్టించాను. గంజి తాగాల్సిన మనిషికి గంజి ఇవ్వకుండా, తల దగ్గర కూర్చుని గట్టిగా కీర్తనలు చదివాను. నీళ్ళు అడిగితే నీళ్ళు ఇచ్చాను, అదొక్కటే.

నాలుగో రోజు ఆమె కళ్ళు లోపలికి పోయి ఉండటం చూసి భయపడి, రైల్వే వాళ్ళకు వైద్యం చేసే డాక్టరును బతిమాలి తెచ్చాను. ఆయన నన్ను చివాట్లు పెట్టి, ఉప్పు వేసి గంజి తాగించి, నిద్రకు మాత్రలు ఇచ్చాడు. ఇది మందు జబ్బు ఒక్కటే కాదు, మనసు కూడా చెడింది, బెంగుళూరులో దీనికి ఆసుపత్రి ఉంది, కొత్త మందులు వచ్చాయి, తీసుకుపొమ్మని ఉత్తరం రాసిచ్చాడు.

ఆ ఉత్తరం నేను ట్రంకుపెట్టెలో చీరల కింద పెట్టాను. బైబిలు స్త్రీ అక్క పిచ్చాసుపత్రిలో ఉందంటే నా పని ఏమవుతుంది? నా ప్రార్థన మీద ఎవరికి నమ్మకం ఉంటుంది? ఆ ఉత్తరం ఎనిమిది నెలలు పెట్టెలోనే ఉంది.

అక్క వాంతులు తగ్గాయి, ఒంట్లో కాస్త బలం వచ్చింది. కానీ మాట్లాడటం మానేసింది. గోడ వైపు తిరిగి కూర్చునేది. ఒక్కోసారి ఎవరో పిలిచినట్టు తల తిప్పేది. నేను ఊరి బయట పందిట్లో జరిగిన స్వస్థత కూటాలకు తీసుకుపోయాను. వేరే ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు ఆమె తల మీద నూనె పోసి, భుజాలు పట్టి ఊపి, ఇదిగో వదిలిపోయిందని కేక వేశాడు. అక్క కింద పడింది. నీరసంతో పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆమె అరవడం లేదు, మందు అడగడం లేదు. అందుకని బాగైపోయిందని అందరికీ చెప్పడం మొదలుపెట్టాను. కోతపండుగ రోజున గుడిలో ఆమె చేత దేవుడు బాగుచేశాడని సాక్ష్యం చెప్పించాలని పాస్టరు అయ్యగారితో మాట్లాడాను. ఏం చెప్పాలో నేనే నాలుగు మాటలు రాసి, వారం రోజులు అక్క చేత చదివించాను. ఆమె చదివింది. పిల్లలు ఎక్కాలు చదివినట్టు చదివింది.

కోతపండుగకు గుడి నిండా గుమ్మడికాయలు, జొన్న కంకులు, చెనక్కాయ గంపలు. అయ్యగారు పిలిచారు. అక్క ముందుకు పోయి నిలబడింది. నేను రాసిన కాగితం చేతిలోనే ఉంది, దాని వైపు చూడలేదు.

“మా చెల్లెలు చెప్పమన్న మాట నేను చెప్పలేను. నాకు బాగు కాలేదు,” అంది. గొంతు చిన్నదే కానీ గుడి చివరిదాకా వినబడింది. “ఇప్పుడు కూడా సూది కావాలనిపిస్తాది. సచ్చిపోయిన ఆడమనిషి నన్ను ఇప్పుడు కూడా పిలుస్తాంది. దేవుడు నన్ను ఇడిసిపెట్టినాడని నేను చెప్పడం లేదు. బాగు కాలేదని చెప్తాండా, అంతే. మీరు నాకోసరం ప్రార్థన చేసేది ఉంటే నా ఎదురుగ్గా కూర్చోని, నన్ను అడిగి చేయండి. నా యెనకాల చేయొద్దండి.”

వచ్చి ఆడవాళ్ళ వరసలో కూర్చుంది. అయ్యగారు వెంటనే పాట ఎత్తుకున్నారు.

నా ముప్పై ఏళ్ళ సేవలో నేను విన్న సాక్ష్యాల్లో అంత నిజమైనది ఇంకొకటి లేదు. కానీ ఆ రోజు నాకు కలిగింది కోపం. నా పరువు తీసిందనుకున్నాను. ఇంటికి వచ్చాక ఆమెతో మాట్లాడలేదు. పన్నెండు రోజులు మాట్లాడలేదు. అన్నం గిన్నె ముందు పెట్టి పోయేదాన్ని. ఆ పన్నెండు రోజులూ ఆమె కోసం ప్రార్థన మాత్రం మానలేదు, చూడండి. పక్క గదిలో మోకరించి, ఆమెకు వినబడేలా చేసేదాన్ని.

చౌడక్క

పదమూడో రోజు పని మీద కనగానపల్లి పోయాను. రెండు రోజులు అక్కడే ఉన్నాను. తిరిగి వచ్చేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. మూడో ఇంటి నుంచి చౌడక్క పిలిచింది.

చౌడక్కది మగ్గం ఇల్లు. మొగుడు, ఇద్దరు కొడుకులు పట్టుచీరలు నేసేవాళ్ళు, ఆమె కండెలు చుట్టేది. నేను ఆ వీధిలోకి వచ్చిన కొత్తలో వాక్యం చెబుతానంటే, కూర్చోమని చాప వేసి, తన పని తాను చేసుకుంటూ వినేది. మా దేవుని గురించి ఎప్పుడూ వాదించలేదు, ఒప్పుకోనూ లేదు. చౌడేశ్వరికి మొక్కుకునే మనిషి.

లోపలికి పోతే, మగ్గం పక్కన అక్క కూర్చుని ఉంది. ముందు రాట్నం, కండె మీదికి ఎర్రటి పట్టుపోగు. చుట్టడం రాక పోగు తెగుతోంది. తెగినప్పుడల్లా చౌడక్క కోడలు ముడివేసి ఇస్తోంది.

చౌడక్క నన్ను పెరట్లోకి తీసుకుపోయింది.

“బైబిలమ్మా, ఇది నీకు చెప్పకపోతే బాగుండదని చెప్తాండా. నువ్వు పోయిన రోజు మిట్టమధ్యాన్నం నేను బట్టలు తీసుకోని బాయికాడికి పోయినా. నర్సమ్మ బాయి గట్టు మీద కూర్చోని ఉండాది, కాళ్ళు లోపలికి ఏసుకోని. నేను గట్టిగా పిల్చలే. పోయి పక్కన కూర్చున్న్యా. శానాసేపు కూర్చున్న్యా. ఆమె ఏం చెప్పలే, నేను ఏం అడగలే. ఆ తర్వాత ‘ఎండ ఎక్కువైంది నర్సమ్మా, ఇంటికి పోదాం పా’ అన్న్యా. వచ్చింది.”

ఎవరెవరికి తెలుసని అడిగాను. నేను మొదట అడిగిన ప్రశ్న అది. అక్క ఎలా ఉందని కాదు.

“ఎవురికీ తెలీదు. మా ఇంటాయనకి కూడా చెప్పలే,” అంది చౌడక్క. “చెప్పేదానికి ఏముండాది? బాధలో ఉండే మనిషి బాయికాడ కూర్చుండె. నేను పక్కన కూర్చున్న్యా. నువ్వు ఆయమ్మ చెల్లెలివి కాబట్టి నీకు చెప్పినా. నువ్వు కూడా ఇంకెవురికీ చెప్పగాకు.”

ఎవరికీ చెప్పవద్దని ఆమె నాకు చెప్పాల్సి వచ్చింది. నేను ఎవరి ఇళ్ళకు ప్రేమ గురించి బోధించడానికి పోయానో, వాళ్ళలో ఒకామె నా ఇంట్లో మనిషి ప్రాణం కాపాడి, ఆ సంగతి కడుపులో దాచుకుని, నాకూ దాచుకోవడం నేర్పింది. ఆ రోజు పెరట్లో అది అర్థమయ్యేంత తెలివి నాకు రాలేదు. సిగ్గు మాత్రం వచ్చింది. ఇంటికి పోయి ట్రంకుపెట్టె తీశాను.

బెంగుళూరు

రైలు పెనుకొండ స్టేషనులో ఆగినప్పుడు అక్క కిటికీ చెక్క కిందికి దించి, బండి కదిలేదాకా కళ్ళు మూసుకుంది. హిందూపురం దాటాక మళ్ళీ ఎత్తింది.

ఆసుపత్రిలో డాక్టరు కన్నడంలో మాట్లాడాడు. హిందూపురంలో పెరిగిన మాకు కన్నడం ఇంటి భాషలాంటిదే. అక్క బదులు నేనే అన్నీ చెప్పబోతే ఆయన ఆపి, నన్ను బయట కూర్చోమన్నాడు. గంటకు పైగా లోపల ఇద్దరే మాట్లాడుకున్నారు. ఏడాదిలో ఆమె అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. నాతో కాదు.

నాలుగు నెలలు ఉంచుకున్నారు. మాత్రలు వేశారు, కరెంటు వైద్యం కూడా రెండుమూడు సార్లు చేశారు. అవి ఆమెకు ఇష్టం కాలేదు. పిలుపు ముందు దూరమైంది, తర్వాత ఎప్పుడో ఒకసారి మాత్రమే వినబడేది. తీసుకురావడానికి పోయినప్పుడు ఆ డాక్టరును భయపడుతూ అడిగాను, ప్రార్థన చేయవచ్చునా అని. చేయండమ్మా, మాత్రలు మాన్పించకుండా చేయండి అన్నాడు. ఇంత చిన్న మాట నాకు పన్నెండు నెలల ముందు ఎవరైనా చెప్పి ఉంటే వినేదాన్నా? వినేదాన్ని కాదనుకుంటాను.

అక్క నా ఇంట్లో ఉండలేదు. చౌడక్క ఇంటి పక్కన ఒక గది తీసుకుంది. కండెలు చుట్టడం నేర్చుకుంది. ఒకసారి అనంతపురం పోయి ఎవరి దగ్గరో సూది వేయించుకుని వచ్చిందని, మళ్ళీ తానే బెంగుళూరుకు ఉత్తరం రాసుకుని పోయి డాక్టరుకు చెప్పుకుందని నాకు రెండేళ్ళ తర్వాత తెలిసింది. చౌడక్కకు ముందే తెలుసు. నాకు చెప్పలేదు. చెప్పకపోవడమే న్యాయం.

తర్వాత మెల్లగా, మగ్గాల వీధిలో ఎవరికో నొప్పులు వచ్చి మంత్రసాని దొరకని పూట, చౌడక్క ఆమెను చేయి పట్టుకుని తీసుకుపోయింది. అక్క తాను సూదిమందు ముట్టనని, ఎవరికైనా వేయాల్సి వస్తే డాక్టరును పిలవాలని ముందే చెప్పేది. ఆ మాట ఆడవాళ్ళకు నచ్చింది. అరవైలలో ఆ వీధిలో పుట్టిన పిల్లల్లో చాలామంది ఆమె చేతుల మీదుగా లోకంలోకి వచ్చినవాళ్ళే.

అందుకని అక్క కథ చెడిపోయిన కథ అనుకోకండి. ఆమె బాగుపడింది, మనుషులు ఎంతవరకు బాగుపడతారో అంతవరకు. నా వరకు ఆగిపోయింది ఒకటే. మళ్ళీ ఎప్పుడూ తన మనసులో మాట ఆమె నాతో చెప్పలేదు. కూర ఏం వండావు, కాలు నొప్పి తగ్గిందా, వాన పడేలా ఉంది. ఇవే మాటలు. పండక్కి చీర పెట్టేది. జ్వరం వస్తే నా దగ్గర కూర్చునేది. ప్రేమలో లోటు లేదు. గడియ మాత్రం వేసేసింది.

మీతో చెప్పవలసింది

మీరు కొత్తగా ఇళ్ళకు పోతారు. తల్లికి చెప్పని మాటలు, మొగుడికి చెప్పని మాటలు మీకు చెబుతారు. మీ చేతిలో పుస్తకం ఉంది కాబట్టి చెబుతారు. ఆ మాటలు మీవి కావు. పేరు చెప్పకుండా చెప్పాను కదా అనుకోవద్దు, మన ఊళ్ళలో సగం చెబితే చాలు, మిగతా సగం జనమే పూరిస్తారు.

ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందని తెలిస్తే దాచకండి. అది కూడా పాపమే. కానీ ఎవరు ఏదైనా చేయగలరో వాళ్ళకు చెప్పండి. డాక్టరుకు చెప్పండి. ముందు ఆ మనిషితోనే, నేను చెప్పబోతున్నానని చెప్పి చెప్పండి. వినేవాళ్ళు ఏడవడం తప్ప ఇంకేమీ చేయలేని చోట చెప్పాలనిపిస్తే, ఆ కన్నీళ్ళు ఎవరికి కావాలో ఒక్క నిమిషం ఆలోచించండి.

బాగైపోయిందని మీరు ప్రకటించకండి. జబ్బు పడిన మనిషి మీ ప్రార్థనకు రుజువు కాదు. ఆ బరువు వాళ్ళ నెత్తిన పెడితే, నయం కాలేదని చెప్పుకునే దారి కూడా వాళ్ళకు మూసుకుపోతుంది. అప్పుడు బావి ఒక్కటే మిగులుతుంది.

ప్రార్థన ఫలిస్తుందా అని మీరు నన్ను అడిగారు. ఫలిస్తుందనే నా నమ్మకం. పెనుకొండలో అక్క చేయి పట్టుకుని నేను అడిగింది దేవుడు ఇచ్చాడు. చౌడక్క ద్వారా ఇచ్చాడు, రైల్వే డాక్టరు ద్వారా ఇచ్చాడు, చేదు మాత్రల ద్వారా ఇచ్చాడు. నేను అడ్డం నిలబడినా ఇచ్చాడు.

చివరి రోజు

అరవైల చివర అక్కకు కామెర్లు వచ్చాయి. ముదిరిపోయాక తెలిసింది. కడుపు ఉబ్బి, ఒళ్ళు పసుపు ముద్దలా అయిపోయింది. నొప్పికి సూది వేస్తానని డాక్టరు అంటే, ఆమె చాలాసేపు ఆలోచించి, చౌడక్క ఎదుట వేయమంది. వేయించుకుంది.

మర్నాడు మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే దగ్గర ఉన్నాను. మగ్గాలు ఆడుతున్నాయి. పదేళ్ళుగా అడగాలనుకుని అడగలేని మాట అప్పుడు అడిగాను. అక్కా, హిందూపురం కూటంలో నేను చేసిన పని క్షమించావా అని.

“ఎప్పుడో క్షమించినా మే,” అంది. విసుగు లేదు, దాచుకున్నదేమీ లేదు. నిజంగానే క్షమించింది. క్షమించడం వేరు, నమ్మడం వేరు అని నాకు తెలిసింది ఆ తర్వాతి మాటతో.

ప్రార్థన చేయనా అని అడిగాను.

“చెయ్,” అంది. “మనసులో చేసుకో. పైకి వద్దు.”

ఆమె కాళ్ళ దగ్గర మోకరించి కళ్ళు మూసుకున్నాను. అన్నేళ్ళు గట్టిగా ప్రార్థించి బతికినదాన్ని, గొంతు లేకుండా ఎలా చేయాలో నాకు తెలియలేదు. మాటలు వాటంతట అవే నోటి దాకా వస్తున్నాయి. కొంతసేపటికి కళ్ళు తెరిచి చూస్తే, అక్క తల కొంచెం పక్కకు తిప్పి నన్నే చూస్తోంది.

“పెదవులు కదుల్తాండాయి, సువార్తా,” అంది.

నేను పెదవులు గట్టిగా మూసుకున్నాను. అప్పుడు ఆమె కళ్ళు మూసుకుంది.